గండి ఒక్కటే చూసి పోతే మాకు మిగిలేది ఖాళీ సీసాలే

పర్యాటక, పురావస్తు, రవాణా శాఖల అధికారులకు, కడప, నంద్యాల, అనంతపురం జిల్లాల కలెక్టర్లకు జమ్మలమడుగు ఆటో డ్రైవరు ఒకరు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను జమ్మలమడుగులో ఆటో నడుపుతాను. బస్టాండు నుంచి, రైలు వచ్చినాక స్టేషన్ నుంచి కూడా గండికోటకు మనుషుల్ని తీసుకుపోయి తీసుకురావడం నా బతుకు. పోను పదిహేను కిలోమీటర్లు, రాను పదిహేను. ఈ లేఖ రాసింది నేనే గానీ ఇందులో మాటలు నా ఒక్కడివి కావు. కోట లోపల ఊళ్లో కాపురముండేవాళ్లు, దారిలో టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు, కాలం వచ్చినప్పుడు సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లు, నా తోటి డ్రైవర్లు, అందరం ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్నాక రాస్తున్నా. తప్పులుంటే మాత్రం నావి.

ఇవే సంగతులు అర్జీగా రాసి ఒక కార్యాలయంలో ఇచ్చినాం. రసీదు ఇచ్చినారు. కొన్నాళ్లకు నా ఫోనుకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని మెసేజి వచ్చింది. ఏం పరిష్కారమైందో చూద్దామని పోతే, 'సంబంధిత శాఖకు పంపించాం, మా వరకు అయిపోయినట్టే' అన్నారు. ఆ సంబంధిత శాఖకు పోతే, 'మీరడిగిన దాంట్లో సగం మా జిల్లా కాదు' అన్నారు. ఆ కార్యాలయాల పేర్లు రాసి ఎవర్నీ చిన్నబుచ్చదలుచుకోలేదు. రెండో చోట గుమస్తా మంచివాడు, కూర్చోబెట్టి టీ తాగించాడు. పనే కాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందర రాస్తున్నా.

అసలు సంగతి ఇదీ. గండికోటకు వచ్చిన మనిషి లోయ అంచున నిలబడి ఫొటో తీసుకుని, రెండు గంటల్లో వెనక్కి తిరుగుతున్నాడు. పోయేముందు నన్ను అడిగే మాట ఒకటే: "ఇంకేమైనా ఉందా ఇక్కడ?" ఉంది. మూడు రోజులు తిరిగినా తరగనంత ఉంది. దాన్ని కలిపే బస్సు లేదు, చెప్పే బోర్డు లేదు, ఆ మనిషిని ఒక రాత్రి నిలబెట్టే ఏర్పాటు సరిగా లేదు. రాత్రి ఇక్కడ నిద్రచేసిన మనిషి వల్ల నాలుగిళ్లలో పొయ్యి వెలుగుతుంది. ఫొటో తీసుకుని పోయిన మనిషి వల్ల మాకు మిగిలేది ఖాళీ నీళ్ల సీసా.

బయటివాళ్లు దీన్ని భారతదేశపు గ్రాండ్ కేనియన్ అంటారు. మాకు గండి అంటే గండే. పెన్నా నది ఎర్రమల కొండను కోసుకుని పోయిన చోటు గండి, దాని అంచున కట్టింది కోట. ఊరి పేరులోనే అంతా ఉన్నప్పుడు ఇంకో దేశం పేరు అరువు తెచ్చుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. సరే, ఆ పేరు చూసి మనిషి వస్తే నాకూ ఒక బాడుగ దొరుకుతుంది, గొడవ పడను.

నేను చదివింది పదో తరగతి. నాకు తెలిసిన చరిత్ర, భూగోళం అంతా ఆటో వెనక సీట్లో కూర్చున్నవాళ్లు చెప్పిందే. ఒకాయన రాళ్ల గురించి చదువు చెప్పే ప్రొఫెసరు. దారి పొడుగునా ఆటో ఆపించి రాళ్లు చూశాడు. "మీ ఊరి పేరు ఈ రాయికి పెట్టుకున్నార్రా, పుస్తకాల్లో దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అంటారు, వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ మలుపు దగ్గర నేనూ ఆటో నెమ్మది చేస్తా. ఎక్కినవాళ్లకు చెప్తా. నేను చెప్తే కొందరు నవ్వుతారు, బోర్డు చెప్తే నమ్ముతారు.

ఇక ఒక్కొక్కటిగా రాస్తా.

1. లోయ అంచు

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఈ కోటకు వచ్చాడు. అప్పుడు కోట గోల్కొండ సర్దారు మీర్ జుమ్లా చేతిలో ఉంది. కొండ మీదికి ఒకటే ఇరుకు దారి, పక్కన గుండె జారిపోయే లోయ, దాని అడుగున పెద్ద నది అని అతను రాసిపెట్టాడంట. ఒక చరిత్ర లెక్చరర్ చెప్పింది ఇది. విన్నప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన: ఇన్ని వందల ఏళ్లలో ఆ దారి మారింది, తారు పడింది, ఆ అంచు మాత్రం అట్లే ఉంది.

కోట గోడ దాటి బండల మీదుగా నడిచిపోతే లోయ మొదలయ్యేది ఎక్కడో తెలియదు. రాయి రాయికీ మధ్య సందులు. వాన పడితే నున్నగా జారుతుంది. సాయంత్రం ఎర్రని వెలుగులో ఫొటో బాగా వస్తుందని అందరూ అప్పుడే అంచుకు పోతారు. తిరిగి వచ్చేసరికి చీకటి. ఒకసారి వాన వెలిసిన సాయంత్రం, కాలేజీ పిల్లోడు ఒకడు బండ మీద జారి కింది మెట్టు మీద పడ్డాడు. ఇంకో రెండడుగులు అవతలికి పడి ఉంటే నేను ఈ మాట వేరే రకంగా రాయాల్సి వచ్చేది. అతన్ని పైకి లాగింది మేకలు కాసుకునే ఒక తాత, తన చేతికర్ర అందించి. ఆ పిల్లోడి వెంట వచ్చినవాళ్లు ఏడుస్తూ ఉన్నారు, ఎవరికి ఫోను చేయాలో కూడా వాళ్లకు తెలియదు.

లోయ పొడుగునా గోడ కట్టమని అడగడం లేదు. కడితే గండి అందమే పోతుంది, పురావస్తు శాఖ ఒప్పుకోదు కూడా. జనం నిలబడే రెండు మూడు చోట్ల నడుము ఎత్తున ఇనుప కంచె వేయండి, ఇంతకు మించి పోవద్దని బండ మీద గీత గీయండి. శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దు పోయేదాకా ఇద్దరు కాపలావాళ్లు కావాలి. వాళ్ల దగ్గర తాడు, ఈల, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. హెచ్చరిక తెలుగుతోపాటు కన్నడం, తమిళంలో కూడా రాయించండి. వచ్చేవాళ్లలో బెంగళూరు, చెన్నై బండ్లు తక్కువేం కాదు.

2. బస్సు

ఆటోవాడు బస్సు అడగడమేంది అని మీరు నవ్వొచ్చు. మావాళ్లే కొందరు నవ్వినారు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైనాక మా బాడుగలు తగ్గాయి. ఆ అక్టోబరులో డ్రైవర్లకు రూ.15,000 ఇచ్చే పథకం వచ్చింది, తీసుకున్నాం, కాదనను. అయినా బస్సు అడుగుతున్నా. ఎందుకో చెప్తా.

ఒక కార్తీక మాసంలో బెంగళూరు నుంచి వయసు మళ్లిన భార్యాభర్తలు వచ్చారు. లోయ చూశారు, మాధవరాయస్వామి గుడి గోపురం చూశారు, జుమ్మా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం చూశారు. రంగనాథుడి గుడి కూడా చూసి, "ఒకే కోటలో గుడీ మసీదూ ఇంత దగ్గరగా ఉన్నాయా" అని ఆ అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత ఆయన అడిగాడు: "బెలూం గుహలకు బస్సు ఎన్ని గంటలకి బాబూ?" నేను చెప్పడం మొదలుపెట్టా. జమ్మలమడుగుకు పోవాలి, అక్కడ కొలిమిగుండ్ల వైపు పోయే బస్సు కోసం చూడాలి, దిగినాక ఇంకో బండి చూసుకోవాలి, సాయంత్రం వెనక్కి రావడానికి ఏం దొరుకుతుందో చెప్పలేను. వింటూ వింటూనే ఆయన ఫోను తీసి వెనక్కి టిక్కెట్టు బుక్ చేశాడు. నా ఆటోలో పోదామంటే దారి సుమారు అరవై కిలోమీటర్లు. ఆటో పోతుంది, అందులో కూర్చున్న పెద్దమనిషి నడుం నిలవదు.

వాళ్లు ఆ రాత్రి ఉండి ఉంటే? ఒక గది. రెండు పూటలా ఎవరింట్లోనో రాగిసంగటి, ఊరిబిండి, పొద్దున ఉగ్గాని బజ్జీ. నాకు ఇంకో రెండు బాడుగలు. కోట చూపించే పిల్లోడికి ఒక రోజు కూలి. ఇవన్నీ ఒక్క బస్సు లేకపోవడం వల్ల బెంగళూరుకు పోయినాయి.

ఆ దంపతులు చూడకుండా పోయినవి ఏమిటో కూడా రాస్తా. మీకు తెలిసినవే కావచ్చు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మా బాధ తెలుస్తుంది.

బెలూం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. బిలం అనే మాటే బెలూం అయింది. పైన చూస్తే మామూలు చేను, నాపరాయి నేల. ఆ నేలలో బావి లాంటి గుంత, అందులోకి మెట్లు దిగితే 3,229 మీటర్ల పొడవు గుహలు. అందులో ఒక కిలోమీటరున్నర దాకా మనం నడవొచ్చు. ఇళ్లలో మనం పరుచుకునే బండల్లాంటి సున్నపురాయినే భూమి లోపలి నీళ్లు కరిగించుకుంటూ పోతే ఏర్పడిన దారులివి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి సంగతి రాసిపెట్టాడు. తర్వాత వందేళ్లకు, 1982 నుంచి 1984 మధ్య, జర్మనీకి చెందిన గెబాయర్ బృందం లోపలికి పోయి కొలిచింది. జనానికి తెరిచింది 2002లో. లోపల కోటిలింగాలు, కొడితే రాగం పలికే సప్తస్వరాల గుహ, మర్రి ఊడల్లా వేలాడే రాళ్లు, అన్నిటికంటే అడుగున పాతాళగంగ. అది పై నుంచి 46 మీటర్ల లోతు. అక్కడ చిన్న నీటిపాయ రాళ్లలోకి పోయి మాయమవుతుంది. మా చిన్నోణ్ణి తీసుకుపోతే, "ఈ నీళ్లు యాడికి పోతాయి నాయనా?" అని అడిగాడు. నాకు తెలియదు. వాడికి అక్కడి నుంచి రావాలనే లేదు.

బెలూం నుంచి ఇంకొంచెం ముందుకు, బనగానపల్లె దాటి పోతే యాగంటి. కొండ పాదాల్లో ఉమామహేశ్వరుడి గుడి, ఎండాకాలంలోనూ నీళ్లు ఆగని పుష్కరిణి, కొండ చరియలో అగస్త్యుడి గుహ, వెంకటేశ్వరుడి గుహ. నంది ఏటేటా పెరుగుతోందని నమ్మకం. అక్కడ కాకులు వాలవంటారు. నేను పోయినప్పుడు కాకి నిజంగానే కనబడలేదు. కోతుల గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు, నా టిఫిన్ డబ్బా పోయింది.

బెలూం నుంచి ఇటు తిరిగితే తాడిపత్రి, అది అనంతపురం జిల్లా. అక్కడ బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి. బుగ్గ గుడిలో లింగం కింద నీళ్లు ఊరుతూనే ఉంటాయి, పేరే బుగ్గ. పూర్తికాని గోపురాల మీద చెక్కడం చూస్తే మెడ నొప్పి పుడుతుంది గాని చూపు దించలేం. చింతల గుడిలో గరుడ మండపం రాతి రథం. ఈ రెండు గుళ్లూ కట్టించింది పెమ్మసాని నాయకులు. గండికోటను ఏలిందీ వాళ్లే. నదీ అదే పెన్నా. ఒకే ఏలుబడిలో ఒకే నది ఒడ్డున ఉన్న కోటను, గుళ్లను ఈ రోజు ఒక మనిషి ఒక్క రోజులో బస్సులో చూడలేడు. ఇంతకంటే విచిత్రం నాకు తెలియదు.

ఎందుకు కలవడం లేదంటే, కోట కడప జిల్లా, గుళ్లు అనంతపురం జిల్లా, గుహలు, యాగంటి 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. అంతకుముందు కర్నూలు జిల్లాగా ఉన్నప్పుడూ ఇదే కథ. ఎవరి జిల్లా పటంలో చూసినా ఇవి అంచున, మడత పడిన మూలన ఉంటాయి. పటాలు మూడూ పక్కపక్కన పెడితే నడిమధ్యలో ఉంటాయి.

అడిగేది: శని, ఆదివారాల్లో, దసరా నుంచి ఫిబ్రవరి దాకా రోజూ, ఒక చుట్టు బస్సు. పొద్దున ఏడింటికి జమ్మలమడుగు స్టేషన్, గండికోట, కొలిమిగుండ్ల, బెలూం, తాడిపత్రి, ముద్దనూరు మీదుగా సాయంత్రానికి మళ్లీ జమ్మలమడుగు. యాగంటికి ఇంకో రోజు వేరే బస్సు, కుదిరితే దాన్నే అహోబిలం దాకా పొడిగించండి. కొత్త బస్సు కొనక్కర్లేదు, పల్లెవెలుగు చాలు. ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు రైలు మార్గం 2016లో పూర్తయింది, రైలు వేళకూ బస్సు వేళకూ పొత్తు కుదిర్చితే చాలు.

3. తాగే నీళ్లు, మరుగుదొడ్లు

ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, చదవడానికి మీకూ అట్లే ఉండాలి.

కోట పక్కనే గండికోట జలాశయం. నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు గాలేరు–నగరి కాలువలో వచ్చి ఇక్కడ నిలుస్తాయి. కిందికి పోతే మైలవరం జలాశయం. ఆ నీళ్ల కోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి, మనుషులు ఇళ్లు, చెట్లు, సమాధులు వదిలి వచ్చారు. అంచున నిలబడితే కింద పచ్చగా నీళ్లే నీళ్లు. పైన నిలబడిన మనిషి గొంతు తడుపుకోవాలంటే సీసా కొనాలి. కొట్లు మూసినాక అదీ లేదు.

మగవాళ్లు బండ చాటుకు పోతారు. ఆడవాళ్లు ఏం చేయాలి? నా ఆటోలో వచ్చే ఆడపిల్లలు చాలామంది పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా వస్తారు, పైన ఏముంటుందో ముందే విని. ఒకసారి బడిపిల్లల విహారయాత్ర వచ్చింది. టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "అన్నా, ఎవరింట్లోనైనా బాత్రూము ఉందా?" అని అడిగింది. కోట ఊళ్లో ఒక అవ్వ ఇల్లు చూపించా. ఆ పిల్లలంతా వరసగా ఆ ఇంటి ముందు నిలబడ్డారు. అవ్వ బిందెలు బిందెలు నీళ్లు మోసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఎన్నాళ్లు ఒక అవ్వ మీద ఆధారపడతాం?

వ్యూ పాయింట్‌కు పోయే దారి మొదట్లో ఒకటి, బండ్లు ఆపే చోట ఒకటి, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు కావాలి. కట్టడం కంటే నడపడం కష్టమని నాకు తెలుసు. తాళం వేసిన మరుగుదొడ్డి కంటే లేనిదే నయం, కనీసం ఆశ పెట్టదు. మండలంలోని పొదుపు సంఘానికి నిర్వహణ అప్పగించి నెల నెలా జీతం ఇవ్వండి. తాగే నీళ్ల కుళాయిలు నాలుగు చాలు. సీసా నింపుకునేవాడు సీసా పారెయ్యడు.

4. చెత్త

పై మాటతోనే ఇది తేలిపోతుంది. ఒక్కటే కలుపుతా: మేకలు ప్లాస్టిక్ తింటున్నాయి. మేక చస్తే నష్టపోయేది పర్యాటకుడు కాదు.

5. ఎవరూ పోని చోట్లు

జమ్మలమడుగు దగ్గరే పెన్నా ఒడ్డున దానవులపాడు ఉంది. అక్కడ ఇసుకలో కప్పబడిపోయిన జైన ఆలయాన్ని 1903లో తవ్వి తీశారు. రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడి పేరున్న శాసనం అక్కడ దొరికింది. అంటే వెయ్యేళ్ల కిందటి మాట. కడప, అనంతపురం అంటే ఫ్యాక్షన్ తప్ప ఇంకేం తెలియనివాళ్లకు ఇక్కడ తీర్థంకరులకు అభిషేకాలు జరిగాయని చెప్తే వింతగా చూస్తారు.

ఎర్రగుంట్ల మండలం కలమళ్ల ఇంకా పెద్ద మాట. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన కలమళ్ల శాసనం తెలుగులో దొరికిన మొదటి శాసనం, కాలం సుమారు క్రీ.శ. 575. మనం ఈ లేఖ రాసుకుంటున్న భాష రాతి మీద మొదట ఎక్కిన ఊరు. ఇప్పుడు ఆ ఊరి పేరు చెప్తే జనానికి గుర్తొచ్చేది కరెంటు ఫ్యాక్టరీ. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక తెలుగు మాస్టారు నన్ను అక్కడికి తీసుకుపొమ్మన్నాడు. పోయినాం. ఆయన గుడి ముందర చెప్పులు విప్పి, నేల మీద చెయ్యి పెట్టి కళ్లకద్దుకున్నాడు. ఆ రోజు నేను బాడుగ తగ్గించి తీసుకున్నా. ఎందుకో నాకే తెలియదు.

ఈ రెండు చోట్లకు కోట్లు అక్కర్లేదు. పెద్ద రోడ్డు మీద బాణం గుర్తుతో ఒక బోర్డు. ఊళ్లో శాసనం పాఠం, దాని అర్థం రాసిన ఒక రాతి ఫలకం. అంతే. బండలకు మా సీమలో కరువు లేదు.

6. కోట లోపలి ఊరు

కోట గోడల లోపల ఇంకా మనుషులు ఉన్నారని చాలామంది పర్యాటకులకు తెలియదు. వాళ్ల ఇళ్ల ముందు నుంచే నడిచిపోతూ, అరుగు మీద కూర్చున్న ముసలాళ్లను అడక్కుండా ఫొటో తీస్తారు. 2010లో వచ్చిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ పైన రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి. కోట నిలవాలంటే ఆ చట్టం ఉండాల్సిందే, మేము కాదనడం లేదు. వాన కారే కప్పు బాగు చేసుకోవడానికి కూడా ఏ కాగితం ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే మనిషి లేడు, అదీ మా ఫిర్యాదు. భయపడి బాగు చేసుకోక, ఇల్లు కూలాక వదిలి పోయినవాళ్లు ఉన్నారు. కోట బయట మాత్రం రంగురంగుల టెంట్లు లేస్తున్నాయి.

నెలకొకసారి పురావస్తు శాఖ మనిషి ఒకరు ఊళ్లోకి వచ్చి, కూర్చుని, దరఖాస్తులు అక్కడే రాయించుకుపోవాలి. ఉన్న ఇళ్లలోనే ఒక గది శుభ్రం చేసి అతిథులకు ఇవ్వడానికి ఇష్టపడేవాళ్లకు హోమ్‌స్టే రిజిస్ట్రేషను సులువు చేయండి. కొత్త గోడ కట్టే పని లేదు, ఉన్న గోడకు సున్నం కొడితే చాలు. రాత్రి కోటలో పడుకుని తెల్లారి చలిలో గండి చూసినవాడు మళ్లీ వస్తాడు. నాకు అట్లా వచ్చినవాళ్లు తెలుసు.

7. డబ్బులు, పనులు

గండికోటకు కేంద్రం 2024లో సాస్కి (రాష్ట్రాలకు పెట్టుబడి సాయం) పథకం కింద రూ.77.91 కోట్లు మంజూరు చేసిందని పేపర్లో చదివి సంబరపడ్డాం. నా ఆటో ఎక్కిన ఒక బ్యాంకు ఉద్యోగి ఆ సంబరానికి కొంచెం నీళ్లు చల్లాడు. "అది గ్రాంటు కాదు, రాష్ట్రానికి యాభై ఏళ్ల గడువుతో ఇచ్చే వడ్డీ లేని అప్పు" అన్నాడు. వడ్డీ లేకపోవడం మంచిదే. యాభై ఏళ్లంటే నా మనవళ్ల కాలం. వాళ్ల పేరు మీద తెచ్చిన అప్పుతో చేసే పనుల్లో వాళ్ల తండ్రులకు కూలి అయినా దొరకాలి గదా.

పెద్ద కట్టడాలు, దీపాలు, బొమ్మలు ఏవి పెట్టినా మాకు అభ్యంతరం లేదు. మొదట పైన రాసినవి అయిపోనీయండి. కంచె, నీళ్లు, మరుగుదొడ్లు, బోర్డులు, బస్సు. గాజు వంతెన మీద నిలబడిన మనిషికి కూడా ఒంటికి పోవాల్సి వస్తుంది.

గైడ్ల సంగతి వేరే చెప్పాలి. ఇప్పుడు ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు. కత్తుల కోనేరు దగ్గర ఒకరు ఒక రాజు పేరు చెప్తారు, పక్కనున్నవారు ఇంకో రాజు పేరు. నేనూ మొదట్లో కొన్ని కట్టుకథలు చెప్పినవాణ్ణే, ఒప్పుకుంటా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ముఖ్యంగా ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లల్లోంచి, చదువుకున్నవాళ్లను తీసుకుని మూడు నెలలు శిక్షణ ఇవ్వండి. రాళ్ల సంగతి, శాసనాల సంగతి, ప్రథమ చికిత్స, కొంచెం కన్నడం, కొంచెం ఇంగ్లీషు. గుర్తింపు కార్డు ఇచ్చి, రేటు ఎంతో బోర్డు మీద రాయండి. ఆటో రేట్లు కూడా రాయించండి. అవును, మావే. మాలో కొందరు అమాయకుల దగ్గర ఎక్కువ గుంజుతారు. దాంతో చెడ్డపేరు అందరికీ వస్తుంది, వచ్చినవాడు ఇంకో పదిమందికి చెప్పి రానీయడు.

8. ఎవరు బాధ్యులు

మూడు జిల్లాల కలెక్టర్లు, పైన రాసిన శాఖలవాళ్లు ఒక్క పూట ఒక బల్ల చుట్టూ కూర్చోండి. ఆ బల్ల అమరావతిలో వద్దు, జమ్మలమడుగులో వేయండి. ఈ కొండల చుట్టూ ఉన్న పర్యాటకానికంతటికీ ఒక అధికారి పేరు, ఒక ఫోను నంబరు ప్రకటించండి. ఇకమీదట 'మా జిల్లా కాదు' అనే మాట మాకు వినిపించకూడదు. ఏ పని ఎప్పటికి అవుతుందో కాగితం మీద రాసి ఆర్టీసీ బస్టాండులో అంటించండి. కాని పనిని కాదని రాయండి, పర్వాలేదు, మేమూ వేరే దారి చూసుకుంటాం. 'పరిష్కరించబడినది' అని మాత్రం మళ్లీ పంపొద్దు.

దసరా లోపల జవాబు రావాలని కోరుతున్నాం. రాకపోతే కోట తలుపు దగ్గర, వచ్చే పోయే ప్రతి పర్యాటకుడి సంతకంతో ఇదే లేఖ మళ్లీ రాస్తాం. దారికి అడ్డం కూర్చోం, ఆటోలు ఆపం. వచ్చినవాళ్లు మా అతిథులు, వాళ్లను ఇబ్బంది పెట్టి మేము సాధించేది ఏమీ ఉండదు.

చివరిగా ఒక మనవి. మీలో ఎవరైనా ఒక ఆదివారం, కారు, ముందర సైరను లేకుండా, మామూలు మనుషుల్లా రైలు దిగండి. స్టేషన్ బయట వేపచెట్టు కింద నా ఆటో ఉంటుంది, పసుపు రంగు, వెనక అద్దం మీద పెన్నమ్మ అని రాసి ఉంటుంది. డబ్బులు వద్దు. పొద్దున్నే ఎక్కించుకుని కోటంతా తిప్పి, పొద్దు గుంకినాక దించుతా. చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని రండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా వెంట తీసుకురండి, మూడో అంశం వాళ్లే మీకు వివరిస్తారు. నీళ్ల సీసా మాత్రం మీరే తెచ్చుకోవాలి, పైన కుళాయి లేదు.

ఇట్లు,
ఒక ఆటో డ్రైవరు,
తోటి డ్రైవర్లు, కోట ఊరి కుటుంబాలు, దారి కొట్లవాళ్ల తరఫున,
జమ్మలమడుగు, కడప జిల్లా